డాలర్లు పోసి కొన్న మండువా

ఈ సంచికకు ఏదైనా రాసి పంపమని విద్యార్థి సంఘం కార్యదర్శి ఫోను చేసి, “కాలేజీ జ్ఞాపకాలు రాయండి సార్” అన్నాడు. జ్ఞాపకాలు రాయటానికి నాకన్నా పెద్దలూ, నాకన్నా అందంగా అబద్ధాలాడగలవాళ్ళూ చాలామంది వున్నారు. (మా బాచి మిత్రులు నన్ను మన్నింతురు గాక!) నేను 1973 నుంచి 78 దాకా ఇక్కడ సివిల్ చదివి, తరవాత ముప్పయ్యేళ్ళకు పైగా ఇళ్ళూ, వంతెనలూ, కాలవ గట్లూ చూసుకుంటూ బతికినవాణ్ణి. కాబట్టి ఇంటి గురించే రాస్తాను. మా అబ్బాయి కొన్న ఇంటి గురించి.

మావాడు కాలిఫోర్నియాలో సన్నీవేల్ అనే ఊళ్ళో వుంటాడు. ఆ ఊరి పేరు వినని తెలుగు కుటుంబం ఇప్పుడు తక్కువే. ఏ వీధిలోకి వెళ్ళినా ఒక పిన్ని కొడుకో, ఒక మేనల్లుడో తగుల్తాడు. అక్కడ 2021లో ఇల్లు కొన్నాడు. కొత్తదనుకునేరు, 1961లో కట్టిన ఇల్లు! మన ఊళ్ళలో అయితే పడగొట్టి అపార్టుమెంటు లేపే వయసు. ధర ఇరవై లక్షల డాలర్ల పైమాటే. దాన్ని రూపాయల్లోకి మార్చి చూసుకుని మా ఆవిడ ఆ రాత్రి అన్నం తినలేదు.

ఈ తరహా ఇళ్ళను మిడ్ సెంచరీ మోడర్న్ అంటారు. రెండో ప్రపంచయుద్ధం అయిపోయాక ఓ రెండు దశాబ్దాల పాటు నడిచిన శైలి. నగిషీలుండవు. పిట్టగోడలుండవు. దూలం దూలంలా కనపడుతుంది, స్తంభం స్తంభంలా కనపడుతుంది. ఇప్పుడు ఆ ఇళ్ళకి పట్టిన గిరాకీ అంతా ఇంతా కాదు. ఆ మోజు గురించే నా అభిప్రాయం. ముందే చెప్పేస్తున్నాను: అటువంటి ఇల్లు కొనటం తప్పుకాదు. కొని, దాన్ని మరో ఇల్లుగా మార్చబోవటం తప్పు. అంత మార్చాలనుకునేవాడు దాన్ని ఇష్టపడే ఇంకొకడికి వదిలేసి వేరే ఇల్లు చూసుకోవటం మర్యాద.

2022లో మొదటిసారి వెళ్ళాం. కారు దిగి ఇంటి ముందు నిలబడితే నాకు ఇల్లేమీ కనపడలేదు. వీధివైపు కిటికీ అన్నది లేదు. నిలువు గాడులున్న చెక్క గోడ, పక్కన గ్యారేజీ తలుపు, పైన పల్చటి చదును కప్పు. “ఇది ఇల్లా, ఎరువుల గోడౌనా?” అన్నాను. మా కోడలు నవ్వి, “లోపలికి రండి మావయ్యగారూ” అంటూ తలుపు తీసింది. అడుగు పెట్టాను. పెడితే ఏముంది? ఆకాశం! తలుపు దాటి లోపలికొచ్చిన మనిషిని మళ్ళీ ఆరుబయటే వున్నాను. చుట్టూ గాజు గోడలు, ఆ గాజుల వెనక గదులు, మధ్యలో నలుచదరపు ఖాళీ జాగా, దానికి కప్పు లేదు. వాళ్ళు దాన్ని ఏట్రియం అంటారు. గోదావరి పాయల మధ్య నేను పుట్టిన ఊళ్ళో దాన్ని మండువా అంటారు.

మండువా లోగిలి చూడని కుర్రాళ్ళ కోసం రెండు ముక్కలు. నాలుగు వైపులా పెంకుల కప్పు లోపలికి వాలి వుంటుంది. వాన పడితే నాలుగు చూరుల నీళ్ళూ మధ్యలోకి దూకుతాయి. చుట్టూ స్తంభాల వసారా. వడియాలు పెట్టటం, పెళ్ళిచూపులు, పంపకాల తగాదాలు, పిల్లల చదువులు అన్నీ ఆ వసారాలోనే. మా తాతగారు కట్టించిన లోగిలికి పన్నెండు టేకు స్తంభాలు. 1984లో దాన్ని పడగొట్టించింది మరెవరో కాదు, నేనే. ఇంజనీరు పట్టా చేతికొచ్చిన కొత్తల్లో నాకు పెంకుటిల్లంటే నామోషీ. పాముల భయమనీ, ఏటేటా పెంకు సవరించే ఖర్చనీ నాన్నగారి దగ్గర చెవినిల్లు కట్టుకుని పోరి, స్వయంగా ప్లాను గీసి, ఆ స్థలంలో నాలుగు గదుల డాబా పోయించాను. స్తంభాలూ తలుపులూ ఓ కలప వ్యాపారి లారీకెత్తుకుని పోయాడు. ఆ డాబాలో వేసవి మధ్యాహ్నం మూడు గంటలకు కూర్చోగలిగిన మనిషి లేడు. నాన్నగారు వెళ్ళి పశువులపాకలో నడుం వాల్చేవారు. నన్ను ఒక్క మాట అనలేదు. అనివుంటే బాగుండేది.

ఇంతకీ సన్నీవేల్‌లో ఈ ఇళ్ళు కట్టినాయన ఆర్కిటెక్టూ కాదు, ఇంజనీరూ కాదు. జోసెఫ్ ఐక్లర్ అనే వెన్న, గుడ్ల టోకు వ్యాపారి! 1940లలో కొంతకాలం ఫ్రాంక్ లాయిడ్ రైట్ రూపొందించిన ఇంట్లో అద్దెకున్నాడు. ఆ ఇల్లు ఆయన బుర్ర తిప్పేసింది. అటువంటి ఇల్లు మధ్యతరగతివాడికి మాత్రం ఎందుకుండకూడదన్నది ఆయనకు పట్టుకున్న ఆలోచన. మొదట ఆన్షెన్, అలెన్‌లనూ, తరవాత జోన్స్, ఎమ్మన్స్‌లనూ, క్లాడ్ ఓక్లండ్‌నూ ఆర్కిటెక్టులుగా పెట్టుకుని 1949 నుంచి 1966 దాకా పదకొండు వేల ఇళ్ళ వరకు కట్టాడు. సన్నీవేల్‌లో మొదట కట్టినవి పదివేల డాలర్ల లోపే అమ్మాడు. చివరికి శాన్ ఫ్రాన్సిస్కోలో ఎత్తయిన భవనాల జోలికి పోయి చేతులు కాల్చుకున్నాడు. 1967లో కంపెనీ దివాలా తీసింది. 1974లో పోయాడు. మధ్యతరగతి కోసం కట్టిన ఇళ్ళు ఇప్పుడు అక్కడి బడిపంతులు కలలో కూడా కొనలేడు. ఇదొక్కటే చాలు మోజు అనేది ఏం చేస్తుందో చెప్పటానికి.

సివిల్ కుర్రాళ్ళకు ఆ కట్టుబడి సంగతి చెప్పాలి. స్తంభాల మీద దూలాలు, దూలాల మీద చెక్క పలకలు, వాటి మీద నేరుగా కప్పు. గదిలోంచి తలెత్తితే కనపడే పలకలే పైకప్పుకు అడుగు. బరువంతా స్తంభాలు మోస్తాయి గనక గోడ ఏమీ మొయ్యక్కర్లేదు. అందుకే పెరటివైపు గోడంతా నేల నుంచి కప్పు దాకా గాజు. లోపలి గోడలకి ఫిలిప్పీన్ మహాగని అనే ఎర్రటి పల్చటి చెక్క. అటక లేదు. కింద పునాది గుల్ల కూడా లేదు, నేల మీదనే శ్లాబు. చూడటానికి ఎంత బాగుంటుందో, బాగుచెయ్యటానికి అంత పేచీ. ఫ్యాను తగిలించాలంటే వైరు ఎక్కడినుంచి లాగాలి? కప్పు పైనుంచే. పైగా చదును కప్పు. చదును కప్పుకూ వానకూ వున్న వైరం మన డాబాలవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. అక్కడ ఇప్పుడు దానిమీద నురగలాంటి పదార్థం చిమ్మి గట్టిపరుస్తున్నారు. కొన్నేళ్ళకోసారి పైపూత మళ్ళీ వెయ్యాల్సిందే.

అన్నిటికంటె నాకు ముచ్చట వేసింది నేల. శ్లాబు లోపల సన్నటి గొట్టాలు చుట్టలు చుట్టలుగా వేసి, వాటిలో వేడినీళ్ళు తిప్పుతారు. చలికాలంలో నేలే వెచ్చగా వుంటుంది. గాలి రొద లేదు, దుమ్ము లేదు. జోళ్ళు గుమ్మం బయట విడిచి ఉత్తకాళ్ళతో తిరిగే మన జాతి కోసమే కనిపెట్టారా అనిపిస్తుంది. మా ఆవిడ మొదటిరోజు తెల్లవారుజామున కాఫీ పెడుతూ పెడుతూ నేలమీద చతికిలబడి కూర్చుంది, ఇక లేవదు! కానీ ఆ గొట్టం శ్లాబులో ఎక్కడో చిల్లు పడిందా, ఇంక చూడండి తమాషా. కొరియా యుద్ధం రోజుల్లో రాగి కరువై కొన్ని ఇళ్ళలో ఉక్కు గొట్టాలు వేశారు. అవి తుప్పుపట్టి ముందే చచ్చాయి. మావాడిది రాగి. అయినా అరవయ్యేళ్ళ రాగి.

కొనేముందు ఆ గొట్టాలకు ప్రెషర్ టెస్టు చేయించావా అని అడిగాను. మావాడు నీళ్ళు నమిలాడు. అక్కడి పద్ధతి ఏమిటంటే, మంచి ఇల్లు అమ్మకానికి వస్తే పదిమంది ఎగబడతారు. “నా సొంత తనిఖీ షరతేమీ లేదు, వున్నదున్నట్టు కొంటాను” అని రాసిచ్చినవాడిదే పైచెయ్యి. అమ్మేవాడిచ్చిన రిపోర్టులే చదువుకోవాలి. రైతుబజారులో వంకాయ కొనేటప్పుడు పుచ్చు చూసి మరీ కొనే వంశంలో పుట్టి, ఇరవై లక్షల డాలర్లకు కళ్ళు మూసుకు సంతకం పెడతావట్రా అని కేకలేశాను. “అలా చెయ్యకపోతే ఈ జన్మలో ఇల్లు రాదు నాన్నా, మీకు తెలియదు” అన్నాడు. నిజమే కావచ్చు. అయినా నా మాట నాదే. గొట్టం, కప్పు, చెదలు, మురుగు తూము, పాత తొమ్మిదంగుళాల టైల్సులో ఆస్బెస్టాస్ వుందో లేదో – ఇవి తేలకుండా ఆ వయసు ఇల్లు కొనకూడదు. సోఫా కోసం దాచిన డబ్బు మొదట కప్పుకు పెట్టాలి. మావాడు సోఫాకు పెట్టాడు. మరుసటి చలికాలం బక్కెట్టు పెట్టుకున్నాడు.

వంటగది సంగతి వేరే వ్యాసమవుతుంది. అది హాలుకు తెరిచే వుంటుంది. ఇంగువ పోపు వేస్తే మహాగని గోడ వారంరోజులు వాసన చెపుతుంది. వాస్తు సంగతికొస్తే మా బావమరిది వీడియో కాల్లో ఇల్లంతా చూసి, బ్రహ్మస్థానం ఖాళీగా వుంది, దివ్యంగా వుందన్నాడు. సింహద్వారం మాత్రం తేల్చలేకపోయాడు. వీధి తలుపా, ఏట్రియం దాటాక వున్న తలుపా? చివరికి రెంటికీ మావిడాకులు కట్టమన్నాడు.

ఇల్లు కొనేటప్పుడు జరిగిన మరో విషయం నన్ను చాలారోజులు వెంటాడింది. తమ కుటుంబం ఎటువంటిదో చెప్పుకుంటూ, ఫోటో జతచేసి అమ్మేవారికి ఓ ఉత్తరం రాద్దామని మా కోడలు అనుకుందట. అక్కడ అదొక అలవాటు. వీళ్ళ ఏజెంటు వద్దంది. ఫోటోలూ పేర్లూ చూసి అమ్మేవాడు మనిషిని ఎంచుకుంటే అది వివక్ష కిందికి వస్తుంది, చట్టం ఒప్పుకోదు అన్నదట. నేను మొదట ఇదేం విడ్డూరం అనుకున్నాను. తరవాత చదివితే తెలిసింది. ఆ దేశంలో తెల్లవాళ్ళకు తప్ప అమ్మరాదని దస్తావేజుల్లోనే రాసుకునేవారు. ఆ రాతలను కోర్టులు అమలుచెయ్యరాదని 1948లో సుప్రీంకోర్టు చెప్పినా రివాజు పోలేదు. మనవాళ్ళు పౌరసత్వానికే పనికిరారని 1923లో తీర్పు. 1946 దాకా ఆ తలుపు తెరుచుకోలేదు. కాలిఫోర్నియాలో 1963లో ఇళ్ళ విషయంలో వివక్ష కూడదని చట్టం చేస్తే, 1964లో జనం ఓట్లేసి మరీ దాన్ని తోసిపుచ్చారు. కోర్టులు అడ్డుపడితే గాని అది నిలబడలేదు.

ఆ రోజుల్లో, ఏ చట్టమూ బలవంతపెట్టకముందే, ఈ వెన్న వ్యాపారి ఏ రంగువాడికైనా, ఏ మతంవాడికైనా ఇల్లు అమ్మాడు. ఇళ్ళు కట్టేవాళ్ళ జాతీయ సంఘం ఆ విధానాన్ని సమర్థించనన్నప్పుడు 1958లో ఆ సంఘానికి రాజీనామా ఇచ్చాడు. వ్యాపారం దెబ్బతింటుందని తెలియక కాదు గదా!

ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకంటే 1974లో, ఇదే ఊళ్ళో, కాలేజీకి దగ్గర్లో అద్దెగది కోసం నేనూ నా స్నేహితుడూ తిరిగాం. ఓ మేడమీద గది ఖాళీగా వుంది. ఇంటాయన మంచినీళ్ళిచ్చాడు. నా ఇంటిపేరడిగాడు. వాడి ఇంటిపేరడిగాడు. వాడిది ఏ ఊరన్నాడు. ఊళ్ళో ఏ పేట అన్నాడు. అంతా విని, గది నిన్ననే ఎవరికో మాటిచ్చేశాం బాబూ అన్నాడు. రెండురోజులు పోయాక ఒక్కణ్ణే ఆ దారిన వెళుతుంటే పిలిచి, నువ్వొక్కడివే అయితే వుండు అన్నాడు. నేను చేరాను. రెండేళ్ళున్నాను. నా స్నేహితుడు రోజూ ఊరవతలినుంచి సైకిలు మీద వచ్చేవాడు. నాకు నోట్సు ఇచ్చేవాడు కూడా.

మిడ్ సెంచరీ ఇంటి దూలాలనీ, గాజునీ మెచ్చుకునేవాళ్ళు కోకొల్లలు. ఆ రాజీనామా సంగతి ఎంతమందికి కావాలి? మావాడి వాట్సాప్ గ్రూపులో ఎవరో గది అద్దెకిస్తూ “మనవాళ్ళయితే బాగుంటుంది” అని రాస్తే నేను కళ్ళారా చూశాను. సన్నీవేల్‌లో! వివక్ష లేకుండా అమ్మిన ఇళ్ళున్న వీధుల్లో! కొనేది ఇంటినే అయితే ఇంటితోపాటు ఇది కూడా కొన్నట్టే లెక్క అని నా వాదన. మావాడు గ్రూపులో ఏమీ రాయలేదు. నేను రాయించబోయాను గాని, 1974లో నేనేం చేశానో గుర్తొచ్చి ఊరుకున్నాను. ఇప్పుడు ఇక్కడ రాస్తున్నాను.

సామాను సంగతి. ఇల్లు కొన్నాక చేతిలో ఏమీ మిగలదు గాని, ఆ ఇంటికి తగ్గ సామాను కావాలంటుంది ఇల్లు. మా కోడలు కేటలాగు ముందేసుకుని పాఠం చెప్పింది. ఈమ్స్ దంపతుల వాలుకుర్చీ, 1956 నాటిది, వంచిన ప్లైవుడ్డు మీద తోలు దిండ్లు. అసలుది వేల డాలర్లు. సారినెన్ బల్ల, ఒంటికాలు మీద నిలబడేది. నాకు నవ్వొచ్చింది. ఆ ఈమ్స్ దంపతులే 1958లో మన ప్రభుత్వం పిలిస్తే వచ్చి, దేశమంతా తిరిగి, రాసిన నివేదికలో దేన్ని మెచ్చుకున్నారనుకున్నారు? మన చెంబును! ఆ నివేదిక ఫలితంగానే 1961లో అహమదాబాదులో జాతీయ డిజైను సంస్థ వెలిసింది. మా ఆవిడ తీసుకెళ్ళిన ఇత్తడి చెంబును మాత్రం మా కోడలు వంటింటి అరలో లోపలికి తోసింది. కేటలాగులో లేదు కదా.

తరవాత రెండు కుర్చీలు వచ్చాయి. టేకు కాళ్ళు, బేతు అల్లిక. చూడగానే “ఇది మా తాశీల్దారు ఆఫీసు కుర్చీలా వుందే” అన్నాను. చెప్పింది: చండీగఢ్ కుర్చీ అట, నకలు. లె కార్బూజియే బంధువు పియర్ జెనరె 1950లలో చండీగఢ్ ఆఫీసుల కోసం, విశ్వవిద్యాలయం కోసం తయారుచేయించినవి. వడ్రంగులు మనవాళ్ళు, టేకు మనది, బేతు మనది. కొన్ని దశాబ్దాలు కూర్చుని, విరిగినవి డాబాల మీద పోగేసి, తుక్కు కింద వేలం వేశారు. విదేశీ వర్తకులు వాటిని ఎత్తుకుపోయి, తుడిచి, మెరుగుపెట్టి పారిస్‌లో, లండన్‌లో వేలకు వేలు గుంజారు. అప్పుడు మనకు మెలకువ వచ్చింది; 2011లో కేంద్ర హోంశాఖ అమ్మకాలు ఆపమని ఉత్తర్వులిచ్చింది. విద్యార్థి సంఘం మిత్రులకు ఒక మనవి: మన డ్రాయింగ్ హాలు బల్లలు ఎప్పుడైనా వేలానికి పెడితే, ముందు వాటిని ఒకసారి తిరగేసి చూడండి.

సామానుకు నేను వ్యతిరేకిని కాను. ఆ ఇంట్లో ఎన్ని తక్కువ వుంటే అంత బాగుంటుందన్నది నా మాట. గాజు గోడకు జరీ తెరలు కట్టి, మహాగని చెక్కకు తెల్లరంగు కొట్టి, మధ్యన ఏనుగంత సోఫా పెడితే ఇంక ఆ ఇల్లెందుకు? అలాగని కేటలాగులో బొమ్మలా పెట్టుకున్నా కష్టమే. ఆ సోఫాలన్నీ నేలబారువి. నా వయసువాడు కూర్చుంటే లేవటానికి ఇద్దరు కావాలి.

అసలు తగువు ఏట్రియం దగ్గర వచ్చింది. దానికి గాజు కప్పు వేసి గదిగా మార్చుదామని మావాడి ఆలోచన. ఎవరికోసమంటే మాకోసమే! అమ్మా నాన్నా వచ్చి స్థిరంగా వుంటే వాళ్ళకంటూ ఓ గది కావాలి గదా అని. పైన అంతస్తు వేద్దామంటే ఆ ఇళ్ళు గాజుగోడలవి. ఒకడు మేడ కడితే పక్కింటివాడి బతుకు బట్టబయలు. అందుకే పక్కనున్న పాలో ఆల్టోలో కొన్ని పేటలు ఒంటి అంతస్తు నియమం పెట్టుకున్నాయి. సన్నీవేల్ నగరం కూడా 2009లో ఐక్లర్ ఇళ్ళకు ప్రత్యేకంగా మార్గదర్శక సూత్రాలు వేసింది. కాబట్టి మిగిలింది మధ్య జాగా. మా ఆవిడ సరేనంది. ఆమెకు మనవరాలి దగ్గర వుండాలని వుంది. ఆమెను తప్పుపట్టలేను.

నేను వద్దన్నాను. “మీ గది మీరే వద్దంటారేమిటి నాన్నా?” అన్నాడు. ఒకసారి మండువా పూడ్చి గదులు కట్టినవాణ్ణి నేను, రెండోసారి నాకోసమే అది జరగనివ్వలేనన్నాను. అది 1984 నాటి అపరాధం, దానికి నా ఇల్లు శిక్ష అనుభవించాలా అని వాడు అడిగాడు. ప్రశ్న న్యాయమైనదే. జవాబు లేక వాననీళ్ళు పారే వాలు గురించి ఏదో ఇంజనీరింగు మాట్లాడాను. ఎస్టిమేటు కాగితం ఇంకా వాళ్ళ ఫ్రిజ్జు తలుపు మీద అయస్కాంతం కింద వుంది. మేం ఇటొచ్చేశాం.

మొన్న ఫోనులో మావాడు కొత్త మాట చెప్పాడు. ఏట్రియంలో వేసుకోవటానికి తాతయ్య పడకకుర్చీ కావాలట. పొడుగు చేతుల టేకు కుర్చీ, బేతు అల్లికది. “అదెక్కడుంది నాన్నా, పంపించగలరా? ఓడలో అయినా సరే.” లోగిలి పడగొట్టినప్పుడు దాన్ని మా పాలేరుకు ఇచ్చేశాం. పోయిన వారం ఊరు వెళ్ళి అడుగుదామనుకున్నాను. ఆయనకిప్పుడు ఎనభై దాటాయి. వేపచెట్టు కింద అదే కుర్చీలో కూర్చుని వున్నాడు. బేతు పోతే నవారు అల్లించుకున్నాడు. నన్ను చూసి లేవబోయాడు. కూర్చోమన్నాను. వాళ్ళ కోడలు నాకు వేరే కుర్చీ తెచ్చి వేసింది, ప్లాస్టిక్‌ది. గంటసేపు మాట్లాడుకున్నాం, టీ తాగాను, వచ్చేశాను. మావాడికి ఇంకా చెప్పలేదు. ఈ సంచిక అచ్చయితే ఒక కాపీ వాడికి పంపుతాను.